ధనమ్మ కొట్టులో మూడో ఇడ్లీ

మా వైపునుంచి చెన్నై వెళ్ళేవాళ్ళు పెళ్ళి చీరలకు వెళతారు, లేదా కళ్ళు చూపించుకోవడానికి వెళతారు. నేను ఒక ఇడ్లీ కొట్టు గురించి వచ్చిన ఫిర్యాదును విచారించడానికి వెళ్ళాను. నాలుగు రోజులు ఉండి వచ్చాను. ఏం చూశావని అడిగిన ప్రతివాళ్ళకూ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. మా ముత్తాత తొమ్మిది ఊళ్ళకు జమీందారు. తాత హయాంలో ఊళ్ళు పోయాయి, నాన్న హయాంలో తోటలు పోయాయి. నా వాటాకు వచ్చినవి ఇంటిపేరు, ఒక ఇత్తడి మరచెంబు, వీపు వాల్చకుండా కూర్చునే అలవాటు. వాటితోనే మహిళా కళాశాలలో ముప్పై ఏళ్ళు గృహవిజ్ఞానం బోధించి రిటైరయ్యాను. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

మా ఊళ్ళో మహిళా సంఘం ఒకటి ఉంది. మా జిల్లానుంచి ఎప్పుడో కూలికి వెళ్ళి చెన్నైలో స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలకు ఆ సంఘం మూడేళ్ళుగా పోషకాహార పాఠాలు చెప్పిస్తోంది. ఆ పాఠాల పుస్తకం నేను రాసిందే. ఎనిమిది పాఠాలు, రంగుల బొమ్మలు. మొదటి పాఠం 'పొద్దున్నే పొయ్యి'. ఉదయపు ఆహారం ఇంట్లోనే వండుకోవాలి, దానిలో చిరుధాన్యం, ఆకుకూర ఉండాలి అని దాని సారాంశం. జార్జి టౌన్ వెనక వీధుల్లో ఈ పాఠాలు చెప్పే ఆమె పేరు సలోమి. ఆమె పొద్దునపూట ఇళ్ళకు వెళ్ళడం మానేసి ఇడ్లీ కొట్టులో కూర్చుంటోందని సంఘానికి ఉత్తరం వచ్చింది. అది నిజమైతే సలోమిని తీసేసి ఆ కేంద్రం మూసేస్తామన్నారు. స్వయంగా చూసి రమ్మని నన్ను పంపారు.

"మీరైతే మొహమాటపడరు" అన్నారు అధ్యక్షురాలు. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

కోడంబాక్కంలో కాఫీ, బిస్కెట్లు

హరిత నా పాత విద్యార్థిని, గుంటూరు పిల్ల. ఏదో కంపెనీలో కొత్తవాళ్ళను ఉద్యోగాల్లో చేర్చుకునే పని చేస్తుంది. కోడంబాక్కంలో, సినిమావాళ్ళకు బట్టలు కుట్టే దర్జీల ఇంటిపైన చిన్న ఫ్లాటు. "లాడ్జిలో దిగితే నేనూరుకోను మేడమ్" అని ముందే బెదిరించింది. ఒకరి ఇంట్లో ఊరికే ఉండటం నాకు చేతకాదు. కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ, ఒక నేత చీర పట్టుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాకే నా పెట్టె లోపల పెట్టాను.

నేను దిగింది రాత్రి. మొదటి రోజు పొద్దున ఆమె ఫ్రిజ్ తెరిచి చూశాను. వృత్తి దోషం. మూడు నిమ్మకాయలు, గోళ్ళరంగు సీసా, సగం తిన్న కేకు ఉన్నాయి. హరిత కాఫీలో బిస్కెట్టు ముంచుతోంది.

"నీకు పోషకాహారంలో కాలేజీ ఫస్టు వచ్చింది కదే?"

"వచ్చింది మేడమ్. రాగుల్లో కాల్షియం పాలకంటే ఎక్కువ. ఆకుకూరలో ఇనుము ఒంటబట్టాలంటే నిమ్మరసం తోడుండాలి. నిద్రలో లేపి అడిగినా చెప్తా."

"మరి ఈ బిస్కెట్లేమిటి?"

"చెప్పడం వచ్చు మేడమ్. ఎనిమిదింటికి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఈలోపు రాగులు ఎప్పుడు నానతాయి, ఎప్పుడు ఉడుకుతాయి?"

బుద్ధి చెబుదామని నోరు తెరిచాను. కానీ ఆమె ఇచ్చిన కాఫీ అమోఘంగా ఉంది. ఒక గుక్క తాగి, కోపం రేపటికి వాయిదా వేశాను. మా ఊళ్ళో కాఫీ అంటే తియ్యటి వేడి పాలు. ఇక్కడ కాఫీ అంటే కాఫీయే.

ఉల్లిపాయల పల్లకీ

కోడంబాక్కంనుంచి బీచ్ స్టేషనుకు లోకల్ రైల్లో వెళ్ళాను. ఆడవాళ్ళ పెట్టెలో ఒకావిడ మల్లెపూలు మూరల లెక్కన అమ్ముతోంది. కొనే ఆవిడ "నీ చెయ్యి పొట్టి, నా చేత్తో కొలువు" అని తన చెయ్యి చాచింది. మా ఊరి సంతలో కూడా ఇదే తగువు. భాష మారినా మూర మారలేదు. నేను ఉడికించిన వేరుశనగల పొట్లం ఒకటి కొన్నాను.

రాత్రి వాన పడింది. జార్జి టౌన్‌లో నేను వెళ్ళాల్సిన సందు మొదట్లో మోకాళ్ళ లోతు నీళ్ళు. గంజి పెట్టిన చీర కట్టుకుని, ఆ నల్లటి నీళ్ళను చూస్తూ నిలబడ్డాను. ఉల్లిపాయల బస్తాలు వేసుకున్న మూడు చక్రాల బండి ఒకటి పక్కన ఆగింది. నేను పైకే విసుక్కున్నట్టున్నాను, బండతను తెలుగులో అందుకున్నాడు.

"ఏడికి పోవాలమ్మా?"

"సలోమి అనే టీచరు దగ్గరికి."

"సలోమక్క కాడికా? ఇప్పుడు పాఠాల షెడ్డులో ఉండదే. పొద్దున పూట ధనమ్మ ఇడ్లీ అంగడి కాడే గదా ఉంటాది. ఎక్కి కూర్చోండి. ఈ నీళ్ళలో దిగితే కాలొస్తాది, చెప్పు రాదు."

ఫిర్యాదు నిజమేనని అక్కడే తేలిపోయింది. బస్తాల మీద ఎక్కి నిటారుగా కూర్చున్నాను. మా ముత్తాత పల్లకీకి ఎనిమిదిమంది బోయీలని వినడమే కాని, నేను ఎక్కిన పల్లకీ ఇదొక్కటే. అతని పేరు మునుసామి. మూడు తరాల కింద నెల్లూరు వైపునుంచి హార్బరు పనికి వచ్చిన కుటుంబం. నేనూ మా జమీందారీ సంగతి చెప్పాను. సందులో ఎదురొచ్చే తోపుడుబళ్ళను చూసి "దారి ఇడవండ్రా, రాణీ అమ్మ వస్తా ఉంది!" అని తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి కేకవేశాడు. అందరూ నవ్వారు. అతను ఎగతాళికే అన్నాడు. కానీ ఎగతాళిలో నిజమున్నప్పుడు కోప్పడకూడదు. నేను తల కొద్దిగా వంచి ఆ గౌరవం స్వీకరించాను.

దిగాక డబ్బులివ్వబోతే వద్దన్నాడు. ఊరికే ఎక్కనన్నాను. చివరికి నా వేరుశనగల పొట్లం తీసుకున్నాడు.

చల్లారిన పొయ్యిలు

అప్పటికి పది దాటింది, ఇడ్లీ కొట్టు కట్టేశారు. చర్చి పక్కన, పాఠాలు చెప్పే రేకుల షెడ్డులో సలోమి దొరికింది. నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి. పిండి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని నమస్కారం పెట్టింది.

"పొద్దున ఇళ్ళకు వెళ్ళావా?" అని అడిగాను.

"లేదు టీచరమ్మా, పోలేదు."

"ఇడ్లీ కొట్టులో ఉన్నావా?"

"ఆమాం, ఆడే ఉండాను. రేపూ ఆడే ఉంటాను. మీరే వచ్చి చూడండి. దానికి ముందు ఇళ్ళు చూస్తారా?"

తప్పు చేసినవాళ్ళు తడబడతారు. ముప్పై ఏళ్ళు పరీక్షహాల్లో కాపలా కాసిన నాకు ఆ సంగతి తెలుసు. ఈమె తడబడలేదు. అది నాకు కొంచెం చిరాకు, కొంచెం ఆసక్తి కలిగించింది.

ఆ మధ్యాహ్నం పన్నెండు ఇళ్ళు చూశాను. ఒక్కొక్కటీ ఒక్క గది. చాలా గోడలమీద నా పుస్తకంలోని 'పళ్ళెంలో ఐదు రంగులు' బొమ్మ ఉంది. ఒక ఇంట్లో అది బియ్యం డబ్బాకు మూత. పిల్లలు ఇంట్లో అరవం మాట్లాడుకుంటున్నారు కాని, నా పాఠం మాత్రం తెలుగులో పాటలా అప్పజెప్పారు. నాకు గర్వం కలిగిందని దాచను.

కామాక్షి అనే ఆమె నగరపాలక సంస్థలో వీధులు ఊడుస్తుంది. అప్పుడే డ్యూటీనుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. మొదటి పాఠం చెప్పమన్నాను. అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"భేష్. ఇవాళ పొద్దున ఏం వండావు?"

కామాక్షి సలోమి వైపు చూసి పకపకా నవ్వింది. "పొద్దుననా? యమ్మా, నాలుగున్నరకి నీళ్ళ లారీ వస్తాది. బిందెలు పెట్టుకోని వరసలో నిలబడాల. ఐదున్నరకి నేను చీపురు పట్టాల. మా ఆయన ఐదుకే బండి కట్టాల. పొయ్యి ఎవురు ఎలిగిస్తారు? మీరొస్తారా?"

క్లాసులో ఇలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. పన్నెండిళ్ళలోనూ ఇదే కథ. పాఠం అందరికీ వచ్చు, పొద్దున పొయ్యి వెలిగించినవాళ్ళు ఒక్కరూ లేరు. సాయంత్రం రైల్లో నా పుస్తకం తెరిచి మొదటి పాఠం బొమ్మ చూసుకున్నాను. ఒక ఇల్లాలు తలస్నానం చేసి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది. ఆస్తి పోయినా మా ఇంట్లో తెల్లవారేసరికి వంటగదిలో ఎవరో ఒకరు ఉండేవారు. లోకమంతా అలాగే ఉంటుందనుకుని రాసేశాను.

ఇచ్చింది తినాల

రెండో రోజు తెల్లవారుజామున ఐదింటికల్లా ధనమ్మ కొట్టు ముందు ఉన్నాను. కొట్టంటే నీలం టార్పాలిన్, రెండు స్టవ్వులు, ఆవిరి కక్కే నాలుగు ఇడ్లీ పాత్రలు. ధనమ్మ అరవై దాటిన భారీ మనిషి, ముక్కుకు రెండు పక్కలా బేసర్లు. ఆమె పక్కన సలోమి మునగాకు దూసి సాంబారులో వేస్తోంది. వరసలో బళ్ళవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, తెల్లవారాక బడి సంచులతో పిల్లలు.

ఆ వరసకు ఒక కట్టుబాటు ఉంది. అలాంటిది నేనింకెక్కడా చూడలేదు. మొదటి ప్లేటు ఏమిటో తినేవాళ్ళు చెప్పకూడదు. ధనమ్మే పెడుతుంది. రెండు తెల్ల ఇడ్లీలు, ఒక నల్ల ఇడ్లీ, పైన ఆకు సాంబారు. అది పూర్తిచేశాకే ఎవరికి కావలసింది వాళ్ళు అడగాలి. ఏదైనా వదిలేసి ప్లేటు తిరిగిస్తే మర్నాడు ఆ మనిషి వరసలో చివర నిలబడాలి. తెల్లవారకుండానే బండి కట్టాల్సినవాళ్ళకు చివర నిలబడటమంటే మొదటి లోడు పోయినట్టే.

నా వంతు వచ్చింది. "నాకు ఒకటి చాలమ్మా" అన్నాను.

"ఈడ చాలు అనాల్సింది నేను" అంది ధనమ్మ, నా ముఖం చూడకుండానే మూడు పెట్టి.

"నేను పరీక్షించడానికి వచ్చాను."

"తిని పరీక్షించు. ఆకలితో చూస్తే అన్నీ తప్పుగానే కనబడతాయి."

మునుసామి వెనకనుంచి "తినేయండి రాణీ అమ్మా, లేదంటే రేపు కడసీటు!" అన్నాడు. నిలబడి తినడం మా ఇంట్లో నేర్పలేదు. నిలబడే తిన్నాను. నల్లది రాగి ఇడ్లీ. తెల్లవాటికంటే కాస్త గట్టిది, నమిలేకొద్దీ కమ్మగా ఉంది. సాంబారులో బెల్లం లేదు, అది ఇంకో సుగుణం.

జనం పలచబడ్డాక సలోమి చెప్పింది. "మొదట ఒక సంవత్సరం ఇంటింటికీ తిరిగినా టీచరమ్మా. తలుపుకి తాళం. తాళానికి పాఠం చెప్పి వస్తా ఉన్నా. అప్పుడు ఆలోచన చేసినా. ఈ వీధికి పొయ్యి ఒకటే ఉంది, అది ఈమెది. ఆ పొయ్యికి పాఠం చెప్తే సరిపోతాది కదా అని."

"ఈమె నా ప్రాణం తీసింది" అంది ధనమ్మ. "ఆరు నెలలు తిరిగింది. రాగి కలిపితే ఇడ్లీ నల్లగా వస్తాది, జనం నా ముఖాన కొడతారంటిని. కొట్టినారు కూడా! ఇడ్లీ మాడిపోయిందన్నారు, బొగ్గు కలిపినావా అన్నారు. అప్పుడు నాకు రోషమొచ్చింది. మా అమ్మ కాలం నుంచి ఈ అంగడిది ఒకటే మాట, ఇచ్చింది తినాల. నా అంగట్లో నాకే నేర్పుతారా అని, అందరికీ ఒక నల్లది పెట్టేసినా."

నా ఎనిమిది పాఠాలు చేయలేని పని ఒక ఇడ్లీ కొట్టు రోషం చేసింది.

అరటిదూట చారు, పాండీ బజారు

ఆ మధ్యాహ్నం బీచ్ స్టేషను దగ్గర అత్తో తిన్నాను. బర్మానుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన తిండి ఇది. పసుప్పచ్చ నూడుల్స్‌లో వేయించిన ఉల్లిపాయలు, చింతపండు రసం, కారం వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కన గిన్నెలో వేడి వేడి అరటిదూట చారు ఊరికే పోస్తారు. మా వైపు గెల కోశాక బోదెను పశువులకు వేస్తాం. ఇక్కడ దాని దూట చారు ప్లేటు పక్కన హక్కుగా వస్తుంది. రెండోసారి అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను. అతనే పోశాడు.

సాయంత్రం హరిత నన్ను టి. నగర్ తీసుకెళ్ళింది. పాండీ బజారు జనంలో ఎవరో తొక్కి నా చెప్పు పట్టీ తెగింది. చెట్టు కింద కుట్టేవాడు పది నిమిషాలు కుట్టి, ముప్పై రూపాయలు పుచ్చుకుని, "ఈ చెప్పు మీకంటే పట్టుదలగా ఉందమ్మా" అన్నట్టు ఏదో అరవంలో అన్నాడని హరిత అనువదించింది. ఆ అనువాదం మీద నాకు నమ్మకం లేదు. ధనమ్మ కొట్టు సంగతి చెబితే హరిత నిట్టూర్చింది. "మా ఆఫీసు క్యాంటీన్‌కి అలాంటి ధనమ్మ ఒకరు కావాలి మేడమ్. నాకు తెలియాల్సిందంతా తెలుసు. బలవంతంగా పెట్టేవాళ్ళే లేరు."

ఎంగిలి బకెట్టు

ఒక పూట చూసి తీర్పు చెప్పే రకం కాదు నేను. కొత్తవాళ్ళెవరో వచ్చి చూస్తున్నారని ఆ రోజు అందరూ బుద్ధిగా తిని ఉండవచ్చు. అందుకని మూడో రోజూ, నాలుగో రోజూ వెళ్ళి, మనుషులను చూడకుండా ఎంగిలి బకెట్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. మనిషి నోరు అబద్ధం చెప్పవచ్చు, బకెట్టు చెప్పదు.

"జమీందారీ చేయడానికి మంచి చోటే చూసుకున్నావు" అంది ధనమ్మ. అప్పటికి మునుసామి నా చరిత్రంతా అందరికీ చెప్పేసినట్టున్నాడు.

రెండు పూటలూ బకెట్టులో పడినవి ఎండుమిరపకాయ తొడిమలు, కరివేపాకు. ఏ ఊరు వెళ్ళినా కరివేపాకు గతి అంతే. నల్ల ఇడ్లీ ముక్క ఒక్కటీ పడలేదు. రెండో ప్లేటు అడిగేవాళ్ళలో "నల్లది రెండు" అనేవాళ్ళు కనబడ్డారు. కారణం అడిగితే పోషకాల పేరు ఒక్కరూ ఎత్తలేదు. "నల్లది తింటే పదింటిదాకా ఆకలి తెలీదు" అన్నాడు మునుసామి. నా పుస్తకంలో ఆ ఒక్క వాక్యం లేదు.

అన్నీ బాగున్నాయని రాస్తే అది అబద్ధం. వరసలో కామాక్షి కూతురు చంకలో తన ఏడాది బిడ్డ. బిడ్డ నోట్లో టీలో ముంచిన బన్ను. నేను సలోమి వైపు చూశాను.

"అది నా వల్ల కాలేదు టీచరమ్మా" అంది ఆమె. "చంటిబిడ్డలకి ధనమ్మక్క ప్లేటు లేదు కదా."

"మొలకెత్తిన రాగుల పిండితో జావ కాచి గ్లాసులో పోస్తే?" అన్నాను.

"మొలక కట్టేది ఎవురు? పిండి కొట్టేది ఎవురు?" అంది ధనమ్మ. "ఇప్పటికే మూడుకి లేస్తా ఉండాను."

సలోమి అందుకుంది. "మధ్యాన్నం క్లాసుకి వచ్చేవాళ్ళు ఊరికే బొమ్మలు చూసి పోతా ఉండారు. ఆ టయానికి వాళ్ళ చేతే పిండి చేపిస్తే? జావ కాచేది ఐదు నిమిషాలే."

ధనమ్మ లోపలినుంచి ఒక చిన్న పాత్ర తీసి స్టవ్వు పక్కన పెట్టింది. ఒప్పుకున్నట్టు నోటితో మాత్రం అనలేదు.

సున్నా

సంఘం నాకొక ఫారం ఇచ్చింది. అందులో ప్రధానమైన ప్రశ్న: పాఠాల తర్వాత ఉదయం ఇంట్లో వంట మొదలుపెట్టిన కుటుంబాలు ఎన్ని? నాలుగో రోజు రేకుల షెడ్డులో కూర్చుని కలం తీశాను. సలోమి ఎదురుగా ఉంది.

"సున్నా రాయాలి" అన్నాను.

"రాయండి. నాకోసం తప్పు రాయొద్దు. మీకు అది చేతకాదు కూడా."

"ఈ సున్నాతో నీ పని పోతుంది."

"పోతే ఇళ్ళలో పాచి పని దొరుకుతాది టీచరమ్మా. నా బాధ అది కాదు." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "పాచి పనికి పోతే పొద్దున్నే పోవాల. ఆకు దూసేది ఎవురు? రాగి రుబ్బేది ఎవురు? ధనమ్మక్క ఒక్కతే చేయలేదు. మళ్ళీ మూడూ తెల్లవే అయిపోతాయి."

సున్నా రాశాను. అది నిజం కాబట్టి రాశాను. తర్వాత కాగితం తిప్పి, వెనకవైపు చూసిందంతా రాశాను. నీళ్ళ లారీ వేళ, తాళాలు, మూడో ఇడ్లీ, బకెట్టు, టీలో బన్ను. చివర ఇలా రాశాను: 'పాఠం విఫలమైంది, బోధకురాలు సఫలమైంది. తప్పు మొదటి పాఠంలో ఉంది. అది రాసింది నేను.' కింద ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం పెట్టాను.

తిరిగి వచ్చాక

సంఘం సమావేశంలో ఆ కాగితం చదివాను. "మీ పుస్తకాన్ని మీరే తప్పంటారా?" అన్నారు అధ్యక్షురాలు.

"నాది కాబట్టే అనగలిగాను. ఇంకొకరిదైతే మర్యాద అడ్డొచ్చేది."

కొందరు ఇది పోషకాహార విద్య ఎలా అవుతుంది, ఇడ్లీ వ్యాపారం అవుతుంది కాని అన్నారు. కేంద్రం మూసేముందు మీరూ వెళ్ళి ఆ బకెట్టు పక్కన ఒక పూట కూర్చోండి అన్నాను. ఎవరూ సిద్ధపడలేదు. వాదన గంటన్నర సాగి, కాఫీలు వచ్చాక ముగిసింది. సలోమి ఉద్యోగం ఉంటుంది. పొద్దునపూట కొట్టులో ఉండటమే ఇకనుంచి ఆమె విధి. మొదటి పాఠం తీసేసి, దాని స్థానంలో సలోమి చెప్పింది చెప్పినట్టు నేను రాస్తాను.

మర్నాడు ఆరింటికే ఫోన్ చేశాను. ఇలాంటి కబురు ఎలా చెప్పాలో ముందే నాలుగు మాటలు కూర్చుకున్నాను. "సలోమీ, సంఘం నిర్ణయం తీసుకుంది. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. పైగా..."

అవతల ఆవిరి చప్పుడు. "నిజమేనా టీచరమ్మా?" అంది. వెనకనుంచి ధనమ్మ కేక వినబడింది: "ఎవురే ఫోన్లో? ఆకు ఎవురేస్తారు?"

"టీచరమ్మా, శానా సంతోషం. ఈడ జనం ఉండారు. పదిగంటలకి చేయండి" అని ఫోన్ పెట్టేసింది.

మా వంశంలో ఎవరి మాటా మధ్యలో ఎవరూ తుంచలేదని నాన్న చెప్పేవారు. నేను కూర్చుకున్న నాలుగు మాటల్లో రెండు నా దగ్గరే ఉండిపోయాయి. పదింటికి మళ్ళీ నేనే చేశాను.